నోరు లేని జేబులు

ఆదివారం, మధ్యాహ్నం

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ బాగున్నారని మరదలు ఫోనులో చెప్పింది గానీ, నీ చేత్తో రాసిన ముక్క చూస్తే తప్ప నాకు నమ్మకం కుదరదు. నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. వారం తిరక్కుండా జవాబు రాసేదాన్ని ఏమైపోయానా అని కంగారుపడి ఉంటావు. ఒంట్లో బాగాలేక కాదు. రాయాల్సిన మాట ఒకటి ఉంది, అది కలం దాకా రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఈసారి అక్షరాలు ఇంతింత ఉన్నాయేమిటి, కాగితాలు దండగ అనుకుంటున్నావేమో. లావు పాళీ కలం కొన్నాను. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు నీ ప్రశ్నలకు వరసగా జవాబులు.

అల్లుడిగారి దగ్గు తగ్గింది. అత్తగారు అడిగారని చెప్పగానే మాత్రం రెండుసార్లు గట్టిగా దగ్గి చూపించారు. "ఆవిడకు రాయి, ఇంకా కొంచెం ఉందని. నువ్వెటూ పట్టించుకోవు" అన్నారు. షాపులో పని బాగానే ఉంది. ఇప్పుడు గడియారం బాగుచేయించుకునేవాళ్ళు తగ్గారు కానీ, వచ్చేవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పి మరీ పోతున్నారట.

వంటింట్లో కొళాయి కారడం ఆగింది. ఇప్పుడు స్నానాల గదిలోది మొదలుపెట్టింది.

మూడోది, పొద్దున్నే ఎక్కడికి పోతున్నావు, ఎవరు చేర్చుకున్నారు నిన్ను అని అడిగావు. నాలుగోది, "నా పద్నాలుగు గౌన్లూ ఓడ ఎక్కాయా? జేబులు చూసి ఏమన్నారు?" అని రాసి కింద రెండు గీతలు గీశావు. ఈ రెండింటికీ జవాబు ఒకటే కథ. మొదటి నుంచి చెప్తేనే నేను సరిగా చెప్పగలను, ఓపిక పట్టు.

సముద్రం అవతలి దేశంలో భూకంపం వచ్చి ఇళ్ళు పోయినవాళ్ళ కోసం బట్టలు పోగుచేస్తున్నారని నీకు రాశాను కదా. మా వీధి చివర గ్రంథాలయం కింది అంతస్తు అందుకు ఇచ్చారు. నేను మొదటి రోజు ఊరికే ఒక సంచీ ఇచ్చి వద్దామని వెళ్ళాను. లోపల చూస్తే నడుము ఎత్తున బట్టల కుప్ప. ఒంటి కాలి మేజోళ్ళు. నాడా లేని పైజామాలు. నాటకంలో రాజుగారి అంగరఖా ఒకటి, దాని భుజాన జరీ పులి. ఈత దుస్తులు కూడా ఎవరో పుణ్యాత్ములు ఇచ్చారమ్మా. చలికి వణికే మనిషికి ఈత దుస్తులు! ఉండబట్టలేక కొంగు బిగించి కూర్చున్నాను. సాయంత్రానికి బల్లలు వేయించి, పిల్లలవి ఒక పక్క, ఆడవాళ్ళవి ఒక పక్క, మగవాళ్ళవి ఒక పక్క పేర్చాను. మర్నాడు వెళ్ళేసరికి అందరూ నన్ను అడిగి గానీ ఏ బట్టా మడవడం లేదు. నన్ను ఎవరూ చేర్చుకోలేదు, నేనే చేరిపోయాను.

ఒక నియమం కూడా పెట్టాను. "ఈ బట్ట మనం రేపు పొద్దున వేసుకుని నలుగురిలోకి వెళ్ళగలమా? వెళ్ళగలిగితేనే పంపుదాం." వెళ్ళలేనివాటి మెడకు ఎర్ర దారం కడతాను. ఎర్ర దారం కట్టినవి బస్సుల మరమ్మతు షెడ్డుకు పోతాయి, అక్కడ యంత్రాలు తుడుచుకుంటారు. నా చేతిలో ఎప్పుడూ ఆ దారపు ఉండ చూసి నాకు జడ్జిగారు అని పేరు పెట్టారు. పెట్టింది డ్రైక్లీనింగ్ షాపు ఆవిడ. నన్ను వదినా అంటుంది, నేనూ వదినా అంటాను. మనిషి వెన్న, నోరు మాత్రం కత్తెర. "జడ్జిగారూ, ఈ చొక్కాకు యావజ్జీవమా, విడుదలా?" అని అడుగుతుంది. మీ అల్లుడైతే పొద్దున స్నానానికి వెళ్ళే ముందు బనియను ఎత్తి చూపించి, "ఇది పాసా, ఫెయిలా?" అంటారు.

ఇలా నడుస్తుండగా ఒక బుధవారం నీ పార్శిలు వచ్చింది. ఇంటికి పంపితే నేనేదో సణుగుతానని నేరుగా గ్రంథాలయానికే పంపావు కదా. నేను వెళ్ళేసరికి డ్రైక్లీనింగ్ వదిన దాన్ని విప్పేసి పైకాగితం పారేసింది. బల్ల మీద నీలం గళ్ళ గౌన్లు, ఒకదాని మీద ఒకటి, అంచులు సమానంగా. ఎవరివని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ప్రతి కుట్టు చివరా ఊడకుండా వెనక్కి వేసిన మూడు టాకాలు. ఆ మూడు టాకాలు వేయలేదని చిన్నప్పుడు నా చేత ఎన్ని అంచులు విప్పించావో నాకింకా గుర్తే.

వదిన ఒక గౌను ఎత్తింది. జేబులో చెయ్యి పెట్టబోయింది. పోలేదు. తిప్పి చూసింది. మళ్ళీ పెట్టబోయింది.

"అమ్మో! వదినా, ఈ జేబుకి నోరు లేదు!" అంది.

జేబు నాలుగు వైపులా కుట్టేసి ఉందమ్మా. పైనా, కిందా, పక్కలా. మూడేసి టాకాలతో భద్రంగా.

రెండో గౌనూ అంతే. ఇంకొకటి తీస్తే, జేబు కుట్టిన కుట్టు ముందు గుడ్డనీ వెనక గుడ్డనీ కలిపి పట్టేసింది. వదిన దాన్ని రెండు చేతులతో గాలిలో పట్టుకుని, "ఇందులో పిల్ల ఎక్కణ్ణించి దూరుతుందే? పక్కదారిలోనా?" అంది. హాలంతా ఒకటే నవ్వు. పైన చదువుకునేవాళ్ళు మెట్ల దాకా వచ్చి తొంగిచూశారు.

పద్నాలుగింటిలో ఏడు అలా ఉన్నాయి. ఏడు మాత్రం మచ్చ లేకుండా ఉన్నాయి.

ఇక్కడిదాకా రాసి లేచి, ఉతికిన దుప్పట్లు మడతపెట్టి వచ్చాను. అవి రేపు మడతపెట్టినా సరిపోయేది. ఇంక దాటవేయను, చెప్పేస్తాను.

అమ్మా, అందరితో పాటు నేనూ నవ్వాను.

"ఎవరు కుట్టారో గానీ, నిద్రలో కుట్టినట్టున్నారు" అని వదిన అంటే, అవునన్నట్టు తల కూడా ఊపాను. నా నియమం నేను తప్పితే ఎలా అనుకుని, ఏడింటి మెడలకూ నా చేత్తోనే ఎర్ర దారం కట్టాను. మా అమ్మ కుట్టినవి అని ఒక్క మాట అనలేకపోయాను. ఊళ్ళో వాళ్ళ బట్టలన్నీ పట్టుకుని ఇది పనికిరాదు, అది పనికిరాదు అని తీర్పులు చెప్పేదాన్ని కదా. నా ఇంటి నుంచే ఇలాంటివి వచ్చాయంటే వాళ్ళేమనుకుంటారో అని సిగ్గుపడ్డాను. ఆ రోజు నోరు లేని జేబులు ఏడు, నాతో కలిపి ఎనిమిది.

ఇంటికొచ్చాను. అన్నం వడ్డించాను. మీ అల్లుడు రెండు ముద్దలు తిని నా మొహం చూశారు. "ఏమిటోయ్, ఇవాళ కోర్టు సెలవా? నా బనియను గురించి ఒక్క ముక్క అనలేదు" అన్నారు. నేను జరిగింది చెప్పాను. నీ మీద కోపంగానే చెప్పాను. ఎంత శ్రద్ధగా కుట్టే మనిషి, ఇప్పుడు ఇలా చేతికొచ్చినట్టు కుట్టి పంపుతుందా, దానమిచ్చేవి కదా ఎలా ఉంటేనేం అనుకుందా అని కూడా అన్నాను. ఇది కూడా రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. గడియారాలు విప్పే మనిషి, తప్పు ఎక్కడ మొదలైందో వెతకడం ఆయనకు అలవాటు.

"కుట్లు వంకరగా ఉన్నాయా?" అన్నారు.

"లేవు. గీత గీసినట్టున్నాయి."

"చివర టాకాలు?"

"మూడూ ఉన్నాయి."

"అంటే చెయ్యి తప్పలేదు. చేతికి అలవాటైన పని చెయ్యి చేసింది. ఎక్కడ ఆగాలో చూసుకోవాల్సింది కన్ను. మీ అమ్మ కళ్ళు చూపించుకుని ఎన్నేళ్ళయింది?"

ఇంట్లో ప్రతిదానికీ పుస్తకంలో తేదీ రాసుకునేదాన్ని, అమ్మ కళ్ళ తేదీ నా పుస్తకంలో ఎక్కడా లేదు.

మర్నాడు తలుపులు తీయకముందే గ్రంథాలయానికి వెళ్ళాను. ఎర్ర దారం మూట లేదు. తెల్లవారగానే షెడ్డుకు పంపేశారట. రెండు వీధులు దాదాపు పరుగెత్తాను. నన్ను అలా చూసిన పాలబూత్ ఆయన ఎవరికైనా ప్రమాదం జరిగిందేమో అనుకుని కొంత దూరం వెంట వచ్చాడు కూడా. షెడ్డులో ముసలి మెకానిక్ ఒకాయన బస్సు కింద దూరి ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను.

"నీలం గళ్ళవి, చిన్నవి, పిల్లల గౌన్లు... ఉన్నాయా బాబూ?"

"కొత్త గుడ్డ కదమ్మా, తుడవబుద్ధి కాలేదు. ఆ రేకు పెట్టె మీద పెట్టాను చూడండి. ఒక్కటి మాత్రం మా వాడు చూసుకోకుండా వాడేశాడు."

ఆరు మరక లేకుండా ఉన్నాయి. ఏడోది నల్ల ఆయిల్లో తడిసి ముద్దయింది. ఏడూ తీసుకున్నాను. ఆయన బస్సు కింద నుంచి బయటికొచ్చి, "ఎవరివమ్మా?" అని అడిగాడు. "మా అమ్మ కుట్టింది" అన్నాను. ముందు రోజు అనాల్సిన మాట, ముక్కూ మొహం తెలియని మెకానిక్ దగ్గర అన్నాను.

అక్కడితో ఊరుకోలేదులే. హాలుకు వెళ్ళి, అందరూ వచ్చేదాకా ఆగి, గౌన్లు బల్ల మీద పరిచి మళ్ళీ అన్నాను. "ఇవి మా అమ్మ కుట్టినవి. నిన్న చెప్పలేదు. ఆవిడకు కళ్ళు కనిపించడం లేదని నాకు ఇప్పుడే తెలిసింది."

డ్రైక్లీనింగ్ వదిన మొహం ఎలా అయిపోయిందో చెప్పలేను. "ఎంత పని చేశావు వదినా! నిన్నే చెప్పొద్దూ? నా చేత అన్నేసి మాటలు అనిపించావు కదా, పెద్దావిణ్ణి!" అని నన్నే తిట్టింది. తిట్టి, బ్లేడు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఇద్దరం కలిసి జేబుల పైకుట్టు మాత్రం విప్పాము, ముందూ వెనకా కలిసిపోయినదాని జేబు ఊడదీసి మళ్ళీ కుట్టాము. నీ టాకాలు ఊడదీయడం అంత తేలిక కాదు. "మీ అమ్మ కుడితే పిల్ల పెద్దదై పెళ్ళయినా ఊడదు" అంది వదిన. విప్పుతూ ఉంటే అడిగింది, అసలు పసిపిల్లల గౌన్లకు ఇంతింత జేబులెందుకు పెట్టింది మీ అమ్మ అని.

నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పావో అదే చెప్పాను. నీ తొమ్మిదో ఏట వరద వచ్చి మీరంతా బడిలో తలదాచుకోవడం, ఎవరో పంపిన బట్టల్లోంచి నీకు ఎర్ర గౌను ఇవ్వడం, దానికి జేబు లేకపోవడం. దుప్పటి కోసం ఇచ్చిన చీటీ పొద్దుటి నుంచి పిడికిట్లో పట్టుకుని నిలబడితే, నీ వంతు వచ్చేసరికి చెమటకు సిరా అంతా అరచేతికి అంటుకుని చీటీ తెల్లబడిపోవడం. చెయ్యి చూపించినా వాళ్ళు ఒప్పుకోకపోవడం. మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడితే దుప్పట్లు అయిపోవడం. "అన్నీ పోయినవాళ్ళకు ముందు జేబు కావాలే. చేతికొచ్చిన దాన్ని దాచుకునే చోటు కావాలి" అని నువ్వనే మాట కూడా చెప్పాను.

వదిన లేచి పిల్లల బట్టల బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కటీ తిరగేసి, జేబు లేనివన్నీ పక్కన పడేయడం మొదలుపెట్టింది. ఆ గుట్ట చూస్తే నాకే భయం వేసింది. బట్టలు ఓడరేవుకు తీసుకెళ్ళే లారీ శనివారం వస్తుంది, మాకున్నది రెండు రోజులు. వదిన షాపు నుంచి మిషను తెప్పించింది. నేను నా మిషను రిక్షాలో వేసుకొచ్చాను. పుస్తకాలు ఇచ్చే అమ్మాయి జేబులు కత్తిరించింది. ఆయిల్లో తడిసిన నీ గౌనును నాలుగుసార్లు ఉతికాను, వదిన తన మందులన్నీ వాడి చూసింది, నలుపు పోలేదు. దాచుకోబుద్ధి అయింది గానీ, నువ్వు వింటే గుడ్డ దండగ చేశానని కోప్పడతావనిపించింది. మరక లేని మేర కత్తిరిస్తే అయిదు జేబులు వచ్చాయి. వాటిని అయిదుగురు పిల్లల గౌన్లకు కుట్టాను. చివర మూడేసి టాకాలు వేశాను.

కాబట్టి నీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇది. నీ గౌన్లు పదమూడు గౌన్లుగానే వెళ్ళాయి. పద్నాలుగోది జేబులై వెళ్ళింది. ఆ లారీలో జేబు లేకుండా వెళ్ళిన పిల్లల బట్ట ఒక్కటీ లేదు. జేబులు చూసి ఏమన్నారంటావా, మొదట నవ్వారు, తర్వాత నేర్చుకున్నారు.

ఇక నీ సంగతి.

లారీ శనివారం వెళ్ళింది, సోమవారమే నీ ఉత్తరం వచ్చింది. ముందైతే చదివి పెట్టేసేదాన్ని. ఈసారి మీ అల్లుడు గడియారాలు చూసే భూతద్దం పెట్టి చూశాను. మూడో పంక్తి మీద నాలుగో పంక్తి ఎక్కి కూర్చుంది. చివర ఆశీస్సులు కాగితం అంచు దాటి పోయాయి. పెన్ను బాగాలేదని రాశావు. మరదలికి ఫోను చేసి అడిగితే ముందు నీళ్ళు నమిలింది. గట్టిగా అడిగితే చెప్పింది. పొద్దున్నే ఆమె చేత పది సూదులకు దారం ఎక్కించుకుని దిండుకు గుచ్చి పెట్టుకుంటున్నావట. "నాకు తీరిక ఉండదే, నువ్వు ఖాళీగా ఉన్నావు కదా" అంటావట! నా ఉత్తరాలు కూడా "నీకూ తెలియాలి కదా, పైకి చదువు" అని ఆమె చేతే చదివించుకుంటున్నావట. ఆమె మీద కోప్పడకు. చెప్పేసి ఏడ్చింది పాపం. ఈ ఉత్తరం నువ్వే, ఎవరికీ వినిపించకుండా, నీ అంతట నువ్వు చదువుకోవాలనే ఇంత లావు అక్షరాలు రాస్తున్నాను. నేను నవ్విన సంగతి నీకు వేరొకరి గొంతులో వినపడకూడదు.

ఎందుకు దాచావో నాకు తెలుసు. పెద్దమ్మకు చూపు తగ్గిందని తెలియగానే ఇంట్లోవాళ్ళు ఆవిడ కత్తెర తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఒట్టి వేళ్ళతో గాలిలో కత్తిరించేదని నువ్వే చెప్పావు. నీ కత్తెర ఎవరూ ముట్టుకోరమ్మా. తమ్ముడితో మాట్లాడాను, మరదలితో మాట్లాడాను, ఇద్దరి చేతా మాట తీసుకున్నాను. ఇక్కడ కంటి డాక్టరుగారిని కలిసి నీ వయసూ, సూదుల సంగతీ చెప్పాను. చూడకుండా ఏమీ చెప్పలేననీ, శుక్లాలైతే తీసేయొచ్చనీ, తీశాక చాలామంది మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంటున్నారనీ అన్నారు. వచ్చే నెల రెండో మంగళవారం పొద్దున పదింటికి నీ పేరు రాయించాను. నిన్ను అడక్కుండా రాయించినందుకు కోప్పడు. నవ్వినందుకు కోప్పడు. ఎర్ర దారానికి ఇంకా గట్టిగా కోప్పడు. అదంతా ఎదురుగా కూర్చుని పడతాను, ఒక్క మాట ఎదురు చెప్పను.

దానికి ముందు ఆదివారం నేను వచ్చి నిన్ను వెంటబెట్టుకుని తెస్తాను. కానీ నువ్వు పిలిస్తే రావాలని ఉంది. ఒకసారి నిన్ను కాదన్నట్టు నిలబడ్డాను కదా, ఇప్పుడు తోసుకుని రాలేను. అందుకని ఈ కవరులో ఒక కార్డు పెట్టాను. నా చిరునామా రాసి, స్టాంపు అంటించాను. దాని మీద 'రా' అని ఒక్క అక్షరం రాసి డబ్బాలో వేయి, చాలు. వంకరపోయినా, సగం బయటికి పోయినా నేను చదువుకుంటాను. 'వద్దు' అని రాయాలంటే రెండక్షరాలు, కింద ఒక ఒత్తు. నీకంత శ్రమ ఎందుకమ్మా.

ఇట్లు,
నీ దగ్గర కుట్టు నేర్చుకున్న
నీ పెద్దది